ఈడనే ఉంటున్నం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాయినమ్మ సైదమ్మ, నాయిన కృష్ణ, అమ్మ స్వర్ణ, గోపిక. పక్కింటి నుంచి వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డ ముత్తయ్య పెదనాయినను కలుపుకుంటే ఇల్లు నిండుగానే ఉంది. కానీ ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. గోపిక పదో తరగతి పరీక్షలు అయిపోగానే తాళం పడిన ఇల్లు అది. ఆ తాళం తీసింది కూడా ఆ పొద్దుటే. తుప్పు పట్టి చెవి తిరగకపోతే ముత్తయ్య తన బండి నుంచి ఇంత ఆయిల్ తెచ్చి పోసి తిప్పాడు.

నడిగూడెం అవతల ఉన్న ఆ పల్లెలో ఇంటింటి లెక్క మొదలైందని ఫోన్ చేసింది ముత్తయ్యే.

“లెక్కలోళ్ళు వచ్చిన నాడు మనిషి కనబడకపోతే తాళమేసిన ఇల్లని రాసుకుంటరు తమ్మీ. ఇగ సర్కారు గొర్లిచ్చే సొసైటీల పేరు పాయె, రేషన్ కార్డు పాయె. మళ్ళ ఎవలెంట తిరుగుతవ్?” అన్నాడు.

ఆ మాటతో మిర్యాలగూడలో మిల్లు పని ఒక రోజు మానుకొని అందరూ మొదటి బస్సెక్కారు. ఊరు విడిచి బతకబోయిన వాళ్ళందరూ అదే పని చేసినట్టున్నారు. వీధిలో ఎప్పుడూ తాళాలుండే ఇళ్ళన్నీ తెరుచుకున్నాయి. సూర్యాపేటలో టీ కొట్టు నడిపేవాళ్ళు, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దిక్కు పోయినవాళ్ళు గడపల మీద కూచొని, పెళ్ళికొచ్చిన చుట్టాల్లా ఒకరినొకరు పలకరించుకుంటున్నారు.

“పొయ్యి ముట్టియ్యి చిన్నమ్మా. పొగ రావాలె. పొగ రాని ఇల్లు పాడుబడ్డ ఇల్లు కాదా?” అన్నాడు ముత్తయ్య.

“ఏం పెట్టి ముట్టియ్యాలెరా? గిన్నె లేదు, గింజ లేదు.”

“ఉత్త నీళ్ళు కాగబెట్టు. ఆమె వచ్చి మూత తీసి చూస్తదా?”

ముత్తయ్య ఇంటి నుంచే గిన్నె వచ్చింది, కట్టెలు వచ్చాయి. సైదమ్మ పొయ్యిలో పేరుకున్న మట్టిని చేత్తో తోడి బయట పోసింది. కట్టెలు పచ్చివి. ఊదీ ఊదీ ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. స్వర్ణ వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు పెట్టింది. కృష్ణ అరుగు మీద తువ్వాల ఆరేసి, బాగుందా లేదా అని దూరం నుంచి ఒకసారి చూసుకున్నాడు.

లెక్క రాయడానికి వచ్చింది జ్యోత్స్న టీచర్. గోపిక చదివిన బడిలోనే సైన్సు చెప్పే టీచర్. ఆమెను చూడగానే గోపిక కిటికీ దగ్గరి నుంచి రెండడుగులు వెనక్కి జరిగింది. ఊరు మారుతున్నామని చెప్పి టీసీ తీసుకున్నది ఆమె చేతి మీదుగానే.

“ఏందమ్మా సైదమ్మా, మీరు మిర్యాలగూడ పోయిన్రన్నరు?” అంది టీచర్, ఫోన్ తెరుస్తూ.

“ఎవలన్నరు టీచరమ్మా? పనికి పోయినం గానీ ఊరిడిసి పోయినమా? గొర్లు ఎంత దూరం మేసినా దొడ్డికి రావా?”

“గొర్ల లెక్క గాదమ్మా నేను రాసేది.”

ముత్తయ్య పకపక నవ్వాడు. టీచర్ కూడా నవ్వి, గోపిక వైపు చూసింది.

“గోపికా, ఈడనే ఉంటున్నవా?”

గోపిక కాలి బొటనవేలితో గచ్చు మీది మన్నును ఒక పక్కకు తోసింది. మాట్లాడితే ఏదో ఒకటి అబద్ధం అవుతుంది. ఊరుకుంటే ఏదీ కాదనిపించింది.

“ఈడనే ఉంటది. యాడికి పోతది?” అంది నాయినమ్మ.

టీచర్ ఫోన్ మీద వేలితో నొక్కింది. గోడలు దేనితో కట్టారు, కప్పు రేకులా, నీళ్ళు ఎక్కడివి అని అడిగింది. వంట దేనితో అని అడిగినప్పుడు, “పొగ కనబడుతలేదా టీచరమ్మా?” అన్నాడు ముత్తయ్య. పొయ్యి మీద నీళ్ళు కళపెళమని మరుగుతున్నాయి. అందులో వేయడానికి ఏమీ లేక సైదమ్మ మూత మాత్రం సర్దుతోంది.

వెళ్ళేటప్పుడు టీచర్ గోపికను వాకిలి చివరిదాకా తోడు తీసుకెళ్ళింది.

“ల్యాబ్ కోర్సుకు పెట్టుకున్నవు గదా, ఏమైంది?”

“వచ్చింది టీచర్. కానీ మిర్యాలగూడల ఉంటున్నట్టు రెసిడెన్స్ కాగితం తెమ్మన్నరు. ఆ మండలమోళ్ళకే ముందట ఇస్తరట. శనివారం లోపట ఇయ్యకపోతే నా తర్వాత పిల్లకు పోతదన్నరు.”

“మరి పెట్టిన్రా?”

“మీసేవల పెట్టినం. ఇల్లు చూడనీకి రేపు వస్తరట.”

టీచర్ వేలు ఫోన్ మీద కాసేపు ఆగింది. అరుగు మీద కూచున్న సైదమ్మ అక్కడి నుంచే చూస్తోంది.

“మీరు చెప్పింది రాసుకుంటనమ్మా నేను. మంచిగ చదువుకో,” అని టీచర్ పక్క వాకిట్లోకి నడిచింది.

పొయ్యిలో నీళ్ళు చల్లి, గిన్నె ముత్తయ్య ఇంట్లో ఇచ్చేసి, మళ్ళీ తాళం వేశారు. కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డప్పుడు కృష్ణ ఫోన్ మోగింది. అటువైపు మాటలు వినపడలేదు. ఇటువైపు కృష్ణ మొహం మాత్రం కనిపించింది.

“రేపన్నరు గద సార్... లేదు సార్, ఊరికొచ్చినం... లెక్కలోళ్ళు వస్తే సార్... కాదు సార్, ఉంటున్నం సార్...”

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని కాసేపు నిలబడ్డాడు. తర్వాత కిందికి దించి చూసుకున్నాడు.

“ఇయ్యాల్నే వచ్చిన్రట. తాళం ఉందని పోతున్నరట. ఊళ్ళె ఉంటే ఊళ్ళెనే తీసుకోమన్నడు.”

బస్సు వచ్చింది. సీటు కోసం కిటికీలోంచి తువ్వాల వేయడానికి కృష్ణ ఉరికాడు.

మరునాడు మిల్లులో ఇంకో పూట మానితే పనిలోంచి తీసేస్తారని కృష్ణ తహసీల్ ఆఫీసుకు పోలేదు. అతను బాయిలర్ దగ్గర ఊక ఎత్తుతాడు. స్వర్ణ అదే మిల్లు గచ్చు మీద ఎండే వడ్లను కాళ్ళతో తిరగేస్తుంది. అందుకని గోపిక, నాయినమ్మ వెళ్ళారు. వెళ్ళే ముందు గోపిక పెట్టెలోని గళ్ళ చున్నీ తీసి వేసుకుంది. మాట్లాడేటప్పుడు చేతుల్లో పట్టుకోవడానికి ఏదైనా ఉంటే ఆమెకు కొంచెం ధైర్యం.

నిన్న ఇల్లు చూడడానికి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పేరు దేవదాసు. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తిపెట్టుకొని కాగితాలకు దారం కడుతున్నాడు. చెప్పిందంతా తల ఎత్తకుండానే విన్నాడు.

“ఆధార్ల సూర్యాపేట జిల్లా. మీరడిగేది నల్లగొండ జిల్లా కాగితం. రెండు జిల్లాల్ల ఉంటరా అమ్మా మీరు?”

“ఉంటున్నది ఈడనే సారూ,” అంది సైదమ్మ.

“నిన్న మరి ఊళ్ళెనే ఉంటున్నమని లెక్క రాయించుకోను పోయిన్రు గద.”

“అది మా గొర్ల సొసైటీ కోసం సారూ. ఇది పిల్ల సదువు కోసం.”

దేవదాసు దారం ముడి వేసి, కొస పళ్ళతో తెంపి, అప్పుడు తలెత్తాడు.

“తాళం సంగతట్ల పెట్టు. మీ ఇంటామెనే అడిగిన. వెనక వాటాల కిరాయికి ఎవ్వరుంటలేరు, మా బిడ్డ నిఖిత ఉంటది, కోదాడ పోయిందన్నది. నేనేం రాయాలె?”

గోపిక చేతిలో చున్నీ కొస మెలి తిరిగింది. ఇంటామె అంటే శ్రీవాణి ఆంటీ. వాళ్ళొస్తే నేను చెప్తాలే అమ్మాయ్ అని మొన్ననే అంది. నిఖితక్క పెళ్ళై కోదాడలో ఉంటుంది. గోపిక వాళ్ళు వచ్చినప్పటి నుంచి ఆమె వచ్చింది ఒక్కసారి, పండక్కి కూడా కాదు, పంటి నొప్పికి.

“ఆమె గట్లెందుకన్నదో నాకేం ఎరుక సారూ,” అంది సైదమ్మ. “కిరాయి ఇస్తున్నం, బువ్వ వండుకుంటున్నం. మనుషులం లేకుంటే గా గిన్నెలు ఎవలు తోముతున్నరు?”

పక్క టేబుల్ దగ్గరి మనిషి నవ్వాడు. దేవదాసుకు కూడా పెదవుల చివర నవ్వు వచ్చి ఆగింది.

“రేపు పగటేళ నేనే వస్త. మళ్ళ మళ్ళ రాను. ఇంట్ల మనిషి కనబడాలె. కనబడితే రాస్త. లేకపోతే వాపస్ కొడత. ఇగ నన్నేం అనొద్దు.”

ఆ సాయంత్రం శ్రీవాణి ఆంటీ ఎప్పటిలాగే వెనక వాటాకు వచ్చి, ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళ సీసా గోపిక చేతికి ఇచ్చింది. ఆమెది కోదాడ దగ్గర పుట్టిల్లు. మాట కొంచెం ఆంధ్ర మాటలా ఉంటుంది.

“ఏంటమ్మాయ్, మొహం అట్లా వాడిపోయింది? ఎండలో తిరిగొచ్చావా?”

“అవునాంటీ.”

“తల చూడు, పిచ్చుక గూడులా ఉంది. ఇటు కూర్చో.”

ఆమె గట్టు మీద కూచొని గోపిక జడ విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లింది. ఆమె అల్లితే జడ బిగువుగా ఉండదు, వదులుగా ఉండదు. గోపిక నోట్లో మాట మూడు నాలుగుసార్లు వచ్చి వెనక్కి పోయింది. ఎందుకట్లా చెప్పావాంటీ అని అడగాలి. అంతే. జడ కొసకు రబ్బరు బ్యాండు పడింది. ఆంటీ లేచి చేతులు దులుపుకొని వెళ్ళిపోయింది.

“అడగకు,” అన్నాడు కృష్ణ, రాత్రి అన్నం తింటూ. ఊక బూడిద అతని కనుబొమల్లో ఇంకా ఉంది. “ఈ అర్ర దొరకనీకి ఎంత తిరిగినమో మర్సిపోయినవా? గొర్లోళ్ళా, వాసనొస్తరు అని మొహం మీదనే అన్నరు. ఈమె ఒక్కతే ఇచ్చింది.”

“ఇచ్చి, ఉంటలేరని చెప్పుడేంది?” అంది స్వర్ణ.

“ఏదో ఉంటది. రేపు ఆయన వస్తడు, పిల్ల ఇంట్ల ఉంటది, చూసుకొని పోతడు. లొల్లి ఎందుకు?”

సైదమ్మ కంచంలో మజ్జిగ పోసుకుంటూ గోపిక వైపు చూసింది. “సారు అడిగితే నోరు తెరువు బిడ్డా. టీచరమ్మ కాడ నేనన్న. గీడ నేను ఉండ.”

మిల్లుకు పగటి బువ్వ తీసుకుపోయేది ఆమే.

శుక్రవారం నాయినమ్మ క్యారేజీ పట్టుకొని వెళ్ళాక గోపిక ఇల్లు ఊడ్చి, పక్క బట్టలు మడిచి గోడవారగా పెట్టింది. మనిషి ఉన్నట్టు ఇంకా ఏం కనబడాలో తెలియక, పుస్తకాలు తీసి కిటికీ గట్టు మీద పేర్చింది. అప్పుడే శ్రీవాణి ఆంటీ వచ్చింది. గడప దాటకుండా నిలబడింది. ఎడమ చేతిలో కొత్త తాళం ఉంది.

“అమ్మాయ్, నీతో ఒక మాట. మీ నాన్నతో చెప్పలేను, నువ్వయితే అర్థం చేసుకుంటావు.”

గోపిక లేచి నిలబడింది.

“నిఖితకి గవర్నమెంటు ఇల్లు వచ్చేలా ఉంది. వాళ్ళాయన సంగతి నీకు తెలియదు, నెలకో పని మారుస్తాడు. సొంత గూడంటూ ఒకటి ఉంటే అది నిలబడుతుంది. ఈ ఊళ్ళో ఉంటున్నట్టు, ఈ వాటాలోనే ఉంటున్నట్టు రాయించాం. ఇప్పుడు ఆ సారొచ్చి మీరున్నారని రాసుకుంటే దానిది పోతుంది. ఇంకో పిల్ల ఉసురు ఎందుకు చెప్పు నీకు?”

“నాది రేపే ఆఖరాంటీ.”

“నీకేమమ్మా, చదువుకునే పిల్లవి. ఇది కాకపోతే ఇంకో కోర్సు. మీ ఊరి కాగితంతో కోదాడలో చేరొచ్చు. ఒక్క అరగంట లోపల కూర్చో. నేను పైన తాళం పెడతాను. ఆయన చూసి వెళ్ళాక తీస్తాను. అంతే.”

పెద్దవాళ్ళు ఏది చెప్పినా గోపిక తల ముందు ఊగుతుంది, మాట తర్వాత వస్తుంది. ఇప్పుడూ తల ఊగింది. ఆంటీ ఆ తల మీద ఒకసారి చెయ్యి వేసి, తలుపు దగ్గరికి లాగింది. గొళ్ళెం పడ్డ చప్పుడు, తాళం నొక్కిన చప్పుడు వినిపించాయి.

గోపిక నడి గదిలో కూచుంది. లేచి ఫ్యాను ఆపింది. ఎందుకు ఆపిందో తర్వాత తెలిసింది. చప్పుడు రాకూడదని. తాను లేనట్టుండడానికి తానే సాయం చేస్తోంది. కిటికీకి దోమల జాలి ఉంది. జాలిలోంచి సందు, గోడ, గోడకు ఆనించిన పాత సైకిలు కనిపిస్తాయి. ఆమె అవి కనపడనంత దూరం జరిగి కూచుంది.

సందులోకి మోటారు సైకిల్ వచ్చి ఆగింది.

“మళ్ళ తాళమేనా?” అన్నాడు దేవదాసు. “నిన్న అంత చెప్పి పంపించిన.”

“చెప్పాను కదండీ, మా నిఖిత తప్ప ఎవరూ ఉండరని. వాళ్ళు సామాను మాత్రం కొంత పెట్టుకున్నారు,” అంది ఆంటీ.

“ఆ ముసలమ్మ, ఆ పిల్ల వచ్చి మొత్తుకున్నరు గదమ్మా.”

“ఏమోనండీ. వస్తుంటారు, పోతుంటారు.”

తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. ఆ దెబ్బలు గోపిక వీపుకు తగిలినట్టయింది. సంచి జిప్పు తీసిన చప్పుడు వచ్చింది. పెన్ను కోసమే అయి ఉంటుంది. ఇప్పుడు రాస్తాడు. రాసి వెళ్ళిపోతాడు. మొన్న టీచర్ అడిగినప్పుడు నాయినమ్మ ఉంది. ఇక్కడ నాయినమ్మ లేదు.

“సార్,” అంది గోపిక.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పుస్తకాలను పక్కకు నెట్టి, జాలికి మొహం ఆనించింది.

“సార్. నేను ఈడనే ఉన్న. మేం ఈడనే ఉంటున్నం సార్.”

దేవదాసు సందులోకి వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి కళ్ళ మీదికి దించుకొని, జాలిలోంచి చూశాడు. అతని భుజం వెనక శ్రీవాణి ఆంటీ నిలబడింది. కుడి చేతి పిడికిలి బిగించి ఉంది. తాళం చెవి అందులోనే ఉంది.

“లోపల్నే ఉన్నవా? తాళం ఎవరేసిన్రు?”

గోపిక ఆంటీ పిడికిలి చూసింది.

“నాయినమ్మ ఏసుకపోయింది సార్. నేను ఒక్కదాన్నే ఉంటనని. మిల్లుకు బువ్వ తీస్కపోయింది.”

“పిల్లను పెట్టి తాళమేసుడేంది? ఏమన్న అయితే?” అని కొంచెం ఆగి, “ఎప్పటి సంది ఉంటున్నరు?” అన్నాడు.

“పది పరీక్షలు అయినప్పటి సంది సార్. నాయిన, అమ్మ మిల్లుకు పోతరు. నాయినమ్మ, నేను ఇంట్ల ఉంటం.”

అతను మొహం జాలికి దగ్గరగా పెట్టి లోపలంతా చూశాడు. దండెం మీద చీరలు, గోడవారగా పక్కలు, మూలకు గ్యాసు పొయ్యి, దాని పక్కన ఉల్లిగడ్డల బుట్ట. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇటు చూడు. చున్నీ నోటికి అడ్డం తియ్యి. ఆఁ.”

జాలి వెనక మొహంతోనే ఫొటో తీశాడు.

“ఏందమ్మా,” అన్నాడు ఆంటీ వైపు తిరిగి, “ఎవ్వరుంటలేరంటివి?”

“నేను... ఊరెళ్ళారనుకున్నానండీ.”

“సరే, ఇంటామెవు నువ్వే గద. సాక్షి కింద సంతకం పెట్టు.”

మోటారు సైకిల్ సీటు మీద కాగితం పరిచాడు. ఆంటీ పెన్ను అందుకోవడానికి తాళం చెవిని కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుంది. వంగి సంతకం చేసింది. పేరు పూర్తిగా రాసిందో సగమే రాసిందో గోపికకు కనపడలేదు.

బండి చప్పుడు దూరమయ్యాక తాళం తెరుచుకుంది. తలుపు మాత్రం ఆంటీ తీయలేదు. గోపిక తీసి చూసేసరికి ఆమె మెట్లు దిగి ముందు వాటాకు వెళ్ళిపోతోంది. తాళం గొళ్ళేనికే వేలాడుతూ ఉంది. ఆ సాయంత్రం నీళ్ళ సీసా రాలేదు. నాయినమ్మ అడిగితే గోపిక జరిగింది చెప్పింది, తాళం ఎవరు వేశారో తప్ప.

శనివారం పొద్దున కాగితం వచ్చింది. మీసేవ అతను ముద్రించి ఇచ్చాడు. పైన గోపిక పేరు, కింద ఇంటి నంబరు, వార్డు, మిర్యాలగూడ. కాలేజీ ఆఫీసులో ఒక నకలు తీసుకొని, అసలు కాగితం తిరిగి ఇచ్చి, సోమవారం నుంచి రమ్మన్నారు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. గోపిక అన్ని మాటలు కూడబెట్టుకొని పోతే, ఒక్కటీ అవసరం పడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కాగితం మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుంది. సందులోకి తిరిగి, వెనక వాటాకు పోకుండా ముందు వాటా మెట్ల దగ్గర ఆగింది. ఏం చెప్పాలో అనుకోలేదు. సీటు వచ్చింది అనా, నీ పేరు చెప్పలేదు అనా. ఆంటీ తలుపు దగ్గరే చాప మీద కూచొని, చేటలో కందిపప్పు పోసి మట్టిగడ్డలు ఏరుతోంది.

“వచ్చిందా?” అంది, తల ఎత్తకుండా.

“వచ్చిందాంటీ.”

“ఏదీ, ఇటివ్వు.”

గోపిక పుస్తకం తెరిచి ఇచ్చింది. ఆంటీ చేతికంటిన పప్పు పొడి చీరకు తుడుచుకొని, కాగితం అంచులు మాత్రమే పట్టుకొని చదివింది. ఇంటి నంబరు దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది. ఆ నంబరే గుమ్మం మీద రేకు ముక్క మీద ఉంది.

“రాత్రి నిఖిత ఫోన్ చేసింది. ఏడ్చింది,” అంది. గోపిక నోరు తెరిచేలోగా కాగితం తిరిగి పుస్తకంలో పెట్టి, పుస్తకం మూసి ఇచ్చింది. “సోమవారం నుంచేనా కాలేజీ?”

“అవునాంటీ.”

“మంచిగా చదువుకో.” చేట పక్కకు పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. “మీ నాన్నకు చెప్పు. ఈ నెల వరకు ఉండండి. ఆ తర్వాత ఇంకో ఇల్లు చూసుకోమను.”

గోపిక పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి తల ఊగలేదు.

“కాగితంల ఈ ఇల్లే ఉందాంటీ.”

“కాగితంలో ఉండనీ అమ్మాయ్,” అని ఆమె తలుపు వేసింది.